పురాణ ఘట్టం నుంచి నవల: మూలం చదవడం దగ్గర్నుంచి చివరి ప్రతి దాకా

"భారతం మీద ఒక నవల రాద్దామనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే మొదటి అధ్యాయం రాసేసి ఉంటారు. అది బాగానే వచ్చి ఉంటుంది కూడా. మూడో అధ్యాయం దగ్గర ఆగిపోతారు. కథ తెలియక కాదు, మరీ ఎక్కువ తెలిసి. తర్వాత ఏం జరుగుతుందో రాసేవాళ్లకీ తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు. అలాంటప్పుడు పేజీ తిప్పించేది ఏమిటి?

నా మటుకు జవాబు ఇది: జరిగినదాన్ని మార్చడంలో కొత్తదనం వెతక్కండి. మూలం చెప్పకుండా వదిలేసిన చోట వెతకండి. ఎలాగో చూడటానికి ఒకే ఘట్టాన్ని, మయసభలో దుర్యోధనుడి పరాభవాన్ని, చివరిదాకా పట్టుకుని పనిచేద్దాం.

1. పాత్రని కాదు, ఘట్టాన్ని ఎంచుకోండి

"కర్ణుడి మీద రాస్తాను" అనుకుంటే చేతిలో పడేది జీవితచరిత్ర. నదిలో పెట్టె, పరశురాముడి శాపం, కవచకుండలాలు, కుంగిన రథచక్రం. అన్నీ పెడితే అది సారాంశం అవుతుంది, ఒకటి వదిలితే "అదేదీ?" అంటారు.

ఘట్టం అయితే ఒక చోటు ఉంటుంది, కొద్దిమంది మనుషులుంటారు, ముందూ వెనకా ఉంటాయి. నవల అక్కణ్ణుంచి రెండు వైపులా పెరుగుతుంది.

ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి:

- ఆ చోట పేరు లేని మనిషి ఎవరైనా ఉన్నారా? (సారథి, దాసి, కాపలావాడు, వంటవాడు)
- ఆ సంఘటనని మూలంలోనే ఇద్దరు రెండు రకాలుగా చెప్పారా?
- అక్కడున్న ఎవరికైనా దానివల్ల తర్వాత నష్టం జరిగే వీలుందా?
- ఇతిహాసం పట్టించుకోని గంటలో రోజులో ఏళ్లో దాని పక్కన ఉన్నాయా?

నాలుగింటిలో రెండిటికైనా "అవును" రాకపోతే వేరే ఘట్టం చూసుకోండి. మయసభకి నాలుగూ ఉన్నాయి.

2. మూలాన్ని పక్కపక్కన పెట్టి చదవండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మనలో చాలామందికి భారతం సినిమా నుంచి, నాటకం నుంచి వచ్చింది. దుర్యోధనుడు అనగానే చెవిలో ఎన్టీఆర్ గొంతు మోగుతుంది. అందులో తప్పేమీ లేదు, కానీ ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండా రాస్తే ఇంకొకరు కల్పించినది మీ నవలలోకి వచ్చేస్తుంది.

కనీసం ఈ మూడూ దగ్గర పెట్టుకోండి:

- వ్యాసభారతం. పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో పూర్తిచేసిన పరిశోధిత ప్రతి, అంటే ఎన్నో రాతప్రతులు పోల్చి చూసి తేల్చిన పాఠం. వాల్మీకి రామాయణానికైతే బరోడా ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ ప్రతి ఉంది. సంస్కృతం రానివాళ్లకి బిబేక్ దేబ్‌రాయ్ పది సంపుటాల ఇంగ్లిష్ అనువాదం పనికొస్తుంది, అది భండార్కర్ ప్రతిని అనుసరించింది. కిసారి మోహన్ గంగూలీ పాత అనువాదం ఉచితంగా దొరుకుతుంది. కాకపోతే అది పరిశోధిత ప్రతి కన్నా ముందుది, అధ్యాయాల అంకెలు కలవవు.
- కవిత్రయ భారతం. సభాపర్వం నన్నయది, విరాటం నుంచి చివరిదాకా తిక్కనది, అరణ్యపర్వశేషం ఎర్రనది. తాత్పర్యం ఉన్న ప్రతి తీసుకోండి.
- జనం చెప్పుకునేది. పాటలు, తోలుబొమ్మలాట, హరికథ, సినిమా, అమ్మమ్మ కథ.

ఇప్పుడు ఒక పట్టిక గీయండి. నిలువు వరసలు: ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఏం జరిగిందంటున్నారు, అక్కడ ఎవరెవరున్నారు, ఏం చెప్పలేదు.

మయసభకి ఈ పని చేస్తే ఏం దొరుకుతుందో చూడండి. వ్యాసభారతంలో కథకుడు చెప్పేటప్పుడు దుర్యోధనుడు నీళ్లలో పడగానే కింకరులు, అంటే అక్కడి సేవకులు, నవ్వుతారు. రాజాజ్ఞ మీద మంచి బట్టలు తెచ్చిస్తారు. ఆ అవతారంలో చూసి భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు నవ్వుతారు. అక్కడ ద్రౌపది పేరే లేదు.

కొంత కథ నడిచాక అదే సంగతి హస్తినాపురంలో దుర్యోధనుడు తండ్రికి చెప్పుకుంటాడు. ఇప్పుడు కృష్ణుడు నవ్వాడు, అర్జునుడు నవ్వాడు, ఆడవాళ్లతో కలిసి ద్రౌపది నవ్వింది. తల గోడకి కొట్టుకున్నప్పుడు నకుల సహదేవులు పరుగున వచ్చి, బాధపడుతూ తనని పట్టుకున్నారని కూడా ఆ నోటితోనే అంటాడు. అవమానం కథ చెప్పుకునే మనిషి అంత సాయాన్ని ఎందుకు దాచలేదు? నాకైతే ఆ ఒక్క వాక్యం చాలు, అతను బొమ్మ కాకుండా మనిషైపోతాడు.

ఇక "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అని ద్రౌపది అనడం పరిశోధిత ప్రతిలో ఎక్కడా లేదు. అది తర్వాతి సొత్తు.

పట్టికలో ఆఖరి వరస, అంటే "ఏం చెప్పలేదు" అన్నది, మీ నవలకి స్థలం. ఇక్కడ అది ఆ బట్టలు తెచ్చిన చేతులు ఎవరివి అన్నది.

3. మూడు జాబితాలు వేసుకోండి

దొరికినదాన్ని మూడుగా విడదీయండి.

కదపకూడనివి. అందరికీ తెలిసిన ఫలితాలు. దుర్యోధనుడు పడ్డాడు, జూదం జరిగింది, పాండవులు అడవికి వెళ్లారు. వీటిని తిరగరాయవచ్చు, ఎవరూ ఆపరు. కానీ అప్పుడు పాఠకుడు మీ మనుషుల్ని వదిలేసి మీ మార్పుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.

రెండు రకాలుగా ఉన్నవి. ఎవరు నవ్వారు అన్నలాంటివి. ఇందులో ఒకటి ఎంచుకోనక్కర్లేదు. ఇద్దరు పాత్రల నోట రెండు రకాలుగా వినిపించండి.

మౌనాలు. ఇక్కడ కల్పన పూర్తిగా మీ ఇష్టం. ఇది మనకి కొత్తేమీ కాదు. వాల్మీకి ఊర్మిళని అయోధ్యలో వదిలేసి లక్ష్మణుడితో అడవికి వెళ్లిపోతే, పద్నాలుగేళ్లు ఆవిడ ఏం చేసింది అని అడిగి, ఊర్మిళాదేవి నిద్ర అని జవాబు కట్టి పాడింది తెలుగు ఆడవాళ్లే. వాళ్లు రావణవధని ముట్టుకోలేదు. ఇంట్లో తలుపేసిన గది చూసుకున్నారు.

4. మీ లోకంలో అద్భుతాలు ఉన్నాయో లేదో తేల్చుకోండి

మూడు దారులున్నాయి. అద్భుతాలు నిజంగా జరుగుతాయి. లేదా జరిగాయని పాత్రలు నమ్ముతారు, మీరు అటూ ఇటూ చెప్పరు. లేదా ప్రతిదానికీ ఒక వివరణ ఉంటుంది. మూడోది రాసేటప్పుడు తెలివిగా అనిపిస్తుంది, చదివేటప్పుడు త్వరగా పాతబడుతుంది. బ్రహ్మాస్త్రాన్ని అణుబాంబు చేసిన నవల రెండోసారి చదవబుద్ధి కాదు.

ఏది ఎంచుకున్నా మొదటి ఇరవై పేజీల్లో పాఠకుడికి తెలిసిపోవాలి, మధ్యలో మార్చకూడదు.

మన ఉదాహరణలో ఈ నిర్ణయం వెంటనే ఎదురవుతుంది. సభాపర్వం మొదట్లోనే మయసభని కాపాడేవాళ్ల వర్ణన ఉంది: ఎనిమిది వేలమంది, కింకరులనే రాక్షసులు, ఆకాశంలో తిరిగేవాళ్లు, ఎర్రటి కళ్లు, ముత్యపు చిప్పల్లాంటి చెవులు. దుర్యోధనుణ్ణి చూసి నవ్విన కింకరులు వీళ్లేనా? మూలం విప్పి చెప్పదు. మన బట్టలవాడికి చిప్పల చెవులు పెట్టాలా వద్దా?

రెండో దారి ఎంచుకున్నామనుకోండి. కోటలోవాళ్లు రాక్షసులని పిలిచే అడవి మనుషులు వాళ్లు, కృష్ణార్జునుల చేతిలో ఖాండవ వనం కాలిపోయాక, ఈ సభ కట్టిన మయుడి వెంట పనికి చేరారు. మంచి ఆలోచనే, కానీ అడ్డం ఉంది. ఖాండవ దహనంలో బతికి బయటపడింది ఆరు ప్రాణాలే అని ఆదిపర్వం లెక్క చెబుతుంది: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు.

ఇలాంటి అడ్డం వచ్చినప్పుడు మూలాన్ని తోసెయ్యకండి, అందులోనే సందు వెతకండి. తక్షకుడు ఎలా బతికాడు? ఆ రోజు అడవిలో లేడు, కురుక్షేత్రానికి వెళ్లాడు. అయితే మనవాడూ ఆ రోజు ఊళ్లో లేడు. తేనె అమ్ముకోవడానికి పోయి తిరిగొచ్చేసరికి బూడిద. ఒక్కసారిగా అతనికి గతం వచ్చింది, ఇంటివాళ్లు వచ్చారు. తన అడవిని కాల్చినవాళ్ల సభకే కాపలా కాయాల్సిన బతుకూ వచ్చింది.

5. వస్తువులు, తిండి, కాలం సరిచూసుకోండి

ఇది త్వరగా అయిపోయే పని, కానీ చెయ్యకపోతే దొరికిపోతారు.

- మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, జామ, బొప్పాయి, జీడిపప్పు, పొగాకు: ఇవన్నీ పోర్చుగీసువాళ్లు వచ్చాక మన నేల మీదకి చేరినవి. కారానికి మిరియాలు, పిప్పళ్లు, అల్లం వాడండి.
- "ఐదు నిమిషాలు" వద్దు. గడియ అంటే 24 నిమిషాలు, ముహూర్తం 48, జాము మూడు గంటలు. వీటిని కూడా కూరలో ఉప్పంత వేయండి చాలు.
- మైళ్లు, ఫర్లాంగులు వద్దు. క్రోసు, ఆమడ, లేదా "పొద్దెక్కేసరికి చేరేంత దూరం".
- హస్తినాపురాన్ని పురావస్తు తవ్వకాల్లోలా చూపించాలంటే 1950-52లో బి.బి. లాల్ తవ్వించినప్పుడు దొరికిన బూడిదరంగు మట్టిపాత్రలు, మట్టి గోడలు మీ లోకం. కావ్యంలో లాగానైతే రత్నాల మేడలు. రెండూ కలిపితే కుదరదు.

6. పిలుపులు తేల్చకుండా సంభాషణ రాయకండి

తెలుగులో పురాణ నవల రాసేవాళ్లకి వచ్చే అసలు చిక్కు ఇదే. సంస్కృతంలో చాలాచోట్ల ఒకరినొకరు "త్వం" అనే అనుకుంటారు. మన పద్యంలో "నీవు" అంటే సరిపోతుంది. వచనంలో ఆ సౌకర్యం లేదు. ద్రౌపది ధర్మరాజుని "మీరు" అంటుందా, "నువ్వు" అంటుందా? భీముణ్ణి? సభలో నిలబెట్టినప్పుడు కూడా అదేనా?

రాయడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ప్రతి జంటకీ రాసుకోండి:

- నలుగురిలో ఉన్నప్పుడు ఏమంటారు
- ఒంటరిగా ఉన్నప్పుడు ఏమంటారు
- కోపం వస్తే ఎక్కడ మారుతుంది
- వెనకాల మాట్లాడుకునేటప్పుడు: ఆయన, అతను, వాడు

ఆ నాలుగో గీతే కథకుడి గొంతు. మన కాపలావాడు మొదట్లో ధర్మరాజుని "రాజుగారు", అర్జునుణ్ణి "చిన్నదొర" అంటాడు. తన అడవి గుర్తొచ్చిన రాత్రి అర్జునుడు "వాడు" అయిపోతాడు. ఎక్కడా "అతనికి కోపం వచ్చింది" అని రాయాల్సిన పని ఉండదు.

భాష విషయంలో రెండు జాగ్రత్తలు. మొదటిది, నాటకాల భాష. ఇది చూడండి:

"ఓ మహారాజా! తమ వస్త్రములు తడిసినవి. ఇవిగో నూతన వస్త్రములు, స్వీకరింపుడు!"

అదే చోట ఇలా:

"పొడిబట్టలయ్యా. రాజుగారు ఇమ్మన్నారు."

అతను తీసుకోలేదు. పంచె అంచు నుంచి నీళ్లు కారి నా పాదాల దాకా వచ్చాయి. ఒక అడుగు ముందుకు వెయ్యబోయి ఆగాడు. బొటనవేలితో తడిమి చూసుకున్నాడు, అక్కడ నిజంగా నేల ఉందో లేదో.

రెండో దాంట్లో అలంకారానికి పెట్టిన విశేషణం ఒక్కటీ లేదు. ఆ బొటనవేలిలో సభంతా ఉంది.

రెండో జాగ్రత్త, యాస. పనివాళ్లకి ఒక జిల్లా యాస, రాజులకి శిష్టభాష పెట్టడం సినిమా అలవాటు. పాఠకుడు నవ్వుకుంటాడు, లేదా నొచ్చుకుంటాడు. మాండలికంలో రాయాలనుకుంటే కథకుడి గొంతంతా అందులోనే నడపండి, రాజుల మాటలూ అతని నోటి నుంచే రానివ్వండి.

7. తెలిసిన కథకి టెన్షన్ ఎక్కడ పెట్టాలి

జూదంలో ఎవరు ఓడిపోతారో అందరికీ తెలుసు. కాబట్టి అది దాచిపెట్టి లాభం లేదు. పాఠకుడికి తెలిసి, పాత్రకి తెలియని దూరాన్నే వాడుకోండి. దానికి తోడు మీరు కల్పించిన మనిషికి ఏమవుతుందో ఎవరికీ తెలియదు కదా, అసలు ఉత్కంఠ అక్కడుంది.

దానికి దారి మళ్లీ మూలమే ఇస్తుంది. జూదంలో ధర్మరాజు ఒడ్డినవాటి జాబితా ఓపిగ్గా చదవండి. అందరూ తమ్ముళ్ల దగ్గరికి, ద్రౌపది దగ్గరికి గబగబా వెళ్లిపోతారు. అంతకు ముందే ముత్యాలు, రథం, తర్వాత వేల సంఖ్యలో దాసీలు, దాసులు పోతారు. అంటే ఒక పాచిక తిరిగేసరికి మన బట్టలవాడు దుర్యోధనుడి సొత్తు. ఎవరిని చూసి నవ్వాడో ఆ మనిషి ఇప్పుడు అతని యజమాని.

ఇంద్రప్రస్థంలో ఉన్న అతనికి ఈ సంగతి ఎప్పుడు తెలిసింది? ఎవరు చెప్పారు? ధృతరాష్ట్రుడు అంతా తిరిగి ఇచ్చేశాడన్న కబురు ముందొచ్చిందా, ఓడిపోయారన్న కబురు ముందొచ్చిందా? రెండో జూదం తర్వాత పదమూడేళ్లు ఆ సభ ఎవరు తుడిచారు? ఇవి నాలుగూ నాలుగు భాగాలు. నవల చట్రం నిలబడింది.

ప్రతి దృశ్యానికీ ఒక కార్డు రాసుకోండి. అందులో ఐదు సంగతులు చాలు: చోటు, ఎవరి కళ్లతో, పాఠకుడికి ముందే తెలిసింది, ఈ దృశ్యంలో కొత్తగా తెలిసేది, ఆఖరికి ఎవరు ఏం కోల్పోయారు. నాలుగో గడి ఖాళీగా ఉన్న కార్డుని చించెయ్యండి, ఆ దృశ్యం ఎంత పెద్ద పేరున్నదైనా సరే. శిశుపాలవధకి మీ దగ్గర కొత్త సంగతి లేకపోతే ఒక వాక్యంలో దాటెయ్యండి.

8. మొదటి ప్రతి

రాసేటప్పుడు మూలగ్రంథాలు మూసెయ్యండి. అనుమానం వచ్చిన చోట చదరపు కుండలీకరణంలో "[చూడాలి]" అని పెట్టి ముందుకు వెళ్లండి. ప్రతి వాక్యానికీ లేచి పుస్తకం తీస్తే నవల కాస్తా వ్యాఖ్యానం అవుతుంది.

మొదటి ప్రతి పూర్తయ్యేదాకా ఆ ఘట్టం మీద ఇతరులు రాసిన నవలలు చదవకండి. తర్వాత తప్పకుండా చదవండి, కలిసినవి ఉన్నాయేమో చూసుకోవడానికి.

9. ఎక్కువగా జరిగే తప్పులు, మందులు

ప్రతినాయకుడు హఠాత్తుగా నాయకుడు. దుర్యోధనుడు మంచివాడు, పాండవులు చెడ్డవాళ్లు అని బోర్డు తిప్పడం. రంగులు మారాయి తప్ప బొమ్మలు బొమ్మలుగానే ఉన్నాయి. మందు: అతను చేసిన ఒక నీచమైన పనిని అలాగే ఉంచి, దాని పక్కన అతను తనకి తాను చెప్పుకునే కారణం రాయండి.

ఈనాటి ఉపన్యాసం. పాత్ర హక్కుల గురించి ఇప్పటి మాటల్లో పేజీన్నర మాట్లాడుతుంది. మందు: ఆ మాటలన్నీ తీసేసి ఒక ప్రశ్నగా మార్చండి. ద్రౌపది సభలో అడిగించింది ప్రశ్నే: ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా? అంతమంది పెద్దలు దానికి జవాబు చెప్పలేకపోయారు.

వంశవృక్షం మొదటి అధ్యాయం. శంతనుడి నుంచి మొదలవుతుంది. మందు: పేర్లన్నీ తీసేసి బట్టలు తడిసిన చోట మొదలుపెట్టండి. బంధుత్వాలు పిలుపుల్లోనే తెలిసిపోతాయి.

ఒకే మనిషికి పది పేర్లు. పార్థుడు, ఫల్గుణుడు, సవ్యసాచి, కిరీటి. పద్యంలో గణాలకి అవసరం, వచనంలో అయోమయం. మందు: కథకుడికి ఒక పేరు, మిగతావి ఎవరు వాడతారో వాళ్ల నోట మాత్రమే.

చదివిందంతా చూపించడం. రాజసూయం తంతు నాలుగు పేజీలు. మందు: కథకుడు ఎక్కడ నిలబడ్డాడో అక్కణ్ణుంచి కనిపించేది మాత్రమే ఉంచండి. మన కాపలావాడికి యజ్ఞం కనిపించదు, ఎంగిలి విస్తళ్లు కనిపిస్తాయి.

10. మూలం పుస్తకంలో కాక మనుషుల దగ్గర ఉంటే

ఒగ్గుకథలో మల్లన్న, ఎల్లమ్మ, డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం, మేడారం సమ్మక్క సారలమ్మల కథ. ఇవి ఇప్పటికీ కొలుపుగా, కులపురాణంగా నడుస్తున్న కథలు. వీటికి పని కొంచెం వేరు.

- చెప్పేవాళ్లని అడిగి, ఎందుకు అడుగుతున్నారో చెప్పి రికార్డు చెయ్యండి. వాళ్ల సమయానికి డబ్బివ్వండి.
- ఏ భాగం బయట చెప్పకూడదో వాళ్లనే అడగండి. చెప్పకూడదన్నది రాయకండి.
- ఒక్కరి కథనమే మొత్తం కథ అనుకోవద్దు. పక్క ఊళ్లో వేరేలా ఉంటుంది, పట్టికలో ఇంకో అడ్డ వరస చేర్చండి.
- వాళ్ల పాటని మీ వాక్యంగా దించుకోకండి. వాడితే ఎవరి దగ్గర విన్నారో, వాళ్లు ఒప్పుకుంటే, పుస్తకంలో చెప్పండి.

11. అచ్చుకి ముందు

ఇద్దరితో చదివించండి. ఒకరు భారతం బాగా చదివినవాళ్లు, ఇంకొకరు అసలు చదవనివాళ్లు. మొదటివాళ్లు తప్పులు పడతారు. రెండోవాళ్లు ఎక్కడ పుస్తకం పక్కన పెట్టారో అది ముఖ్యం. అక్కడ మీరు పాఠకుడి జ్ఞాపకం మీద ఆధారపడ్డారన్నమాట.

హక్కుల సంగతి: వ్యాసుడికి, నన్నయకి కాపీరైట్ లేదు. ఇటీవలి అనువాదాలకి, నవలలకి, సినిమా మాటలకి ఉంది. మన చట్టంలో అది రచయిత పోయాక 60 ఏళ్లు నడుస్తుంది. కావాలని మతభావాలను రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కిందికి వస్తుంది కాబట్టి ప్రచురణకర్త ప్రశ్నలు అడగవచ్చు. "ఇది ఎక్కడుంది?" అన్నప్పుడు మీ పట్టిక తీసి చూపించండి. కల్పన అయితే కల్పన అనే చెప్పండి.

ఆఖరి తనిఖీ:

- ప్రతి "[చూడాలి]" తేల్చారా?
- పిలుపుల కాగితం ప్రకారం మీరు, నువ్వు, ఆయన, వాడు మొదట్నుంచి చివరిదాకా సరిపోయాయా?
- అద్భుతాల నియమం ఎక్కడైనా తప్పిందా?
- పేర్ల రాత ఒక్కటేనా? (ధృతరాష్ట్రుడు ఒకచోట, ధ్రుతరాష్ట్రుడు ఇంకోచోట ఉంటుంది, వెతకండి)
- సినిమా డైలాగు ఏదైనా తెలియకుండా దూరిందా? సంభాషణలన్నీ పైకి చదవండి. గొంతు దానంతటదే గంభీరంగా మారిన చోట ఆగి, ఆ వాక్యం మళ్లీ రాయండి.